రెండో సంతకం

మంగళవారం, 12

టికెట్లు తీసేశారు. శనివారం 23, పొద్దున తొమ్మిదిన్నర విమానం. అత్తయ్యకి కిటికీ సీటు, పక్కన నేను. అత్తయ్య తన అక్కని చూసి తొమ్మిదేళ్ళయింది. ఆవిడ మంచం దిగలేదు, ఈవిడ మోకాళ్ళు రెండు రోజుల రైలుకి ఆగవు. కాబట్టి విమానం. ఇంట్లో పెళ్ళి కుదిరినంత హడావిడి.

"రైల్లో పోదాం అత్తయ్యా, పై బెర్తు నేను తీసుకుంటాను," అన్నాను భోజనాల దగ్గర. ఎందుకన్నానో.

అత్తయ్య కళ్ళజోడు ముక్కు మీదికి దించి చూసింది. "ఏమే, నువ్వు చేసే ఉద్యోగమేంటి?"

"విమానాల షెడ్‌లో తనిఖీ."

"ఎన్నేళ్ళయింది?"

"పంతొమ్మిది."

"వంటవాడే ఈ కూర తినొద్దంటే, విస్తరి ముందు కూర్చున్నవాళ్ళం ఏమైపోవాలే?"

మా ఆయనకి నవ్వుతో పొలమారింది. కాలేజీలో గణాంకాలు చెప్పే మనిషి, ఇలాంటి అవకాశం వదులుతారా. రోజూ విమానమెక్కినా ప్రమాదం మన వంతుకి రావడానికి కొన్ని వేల ఏళ్ళు పడుతుందట. ఇంటి నుంచి విమానాశ్రయానికి ఆటోలో వెళ్ళడమే ప్రయాణంలో అసలు గండమట. ఇవన్నీ ఒకప్పుడు నేనే ఆయనకి చెప్పాను. విమానమంటే వణికేవాళ్ళకి పంతొమ్మిదేళ్ళుగా నేను చెప్పే మాట ఒకటుంది: "ముఖ్యమైన ప్రతిదాన్నీ ఇద్దరు చూస్తారు."

"నీకు కొత్తగా విమానాల భయం పట్టుకుంది," అని తేల్చారు ఆయన. పట్టుకుందనే అనుకోనీ.

నిన్న సాయంత్రం, షెడ్‌లో నత్తిరాణి అని పిలుచుకునే విమానం తోకలో చేసిన పనికి రెండో సంతకం నాది. శనివారం మేమెక్కేది నత్తిరాణే. చూసే సంతకం పెట్టాను. చూశాను.

బుధవారం, 13

చూశాను. టార్చి నా జేబులోనే ఉంది.

గురువారం, 14

నిద్ర సరిగా లేదు. రాస్తే తేలికవుతుందేమో.

తోక రెక్కని పైకీ కిందికీ కదిపే కడ్డీ ఒకటుంటుంది. దాన్ని పట్టి ఉంచేది ఒక బోల్టు, ఒక నట్టు. నట్టు వదులు కాకుండా దాని గుండా ఒక పిన్ను గుచ్చి, రెండు కొసలూ విడదీసి వంచుతారు. చిటికెన వేలి గోరంత పిన్ను. గుచ్చినవాళ్ళది మొదటి సంతకం. గుచ్చని మనిషి తన కళ్ళతో చూసి పెట్టేది రెండో సంతకం. మొదటివాడు ఎంత పనివాడైనా సరే, రెండో కన్ను పడాల్సిందే. ఆ తర్వాతే కవరు మూసి పద్నాలుగు స్క్రూలు బిగించాలి.

సోమవారం పిన్ను గుచ్చింది బాబాయ్. షెడ్‌లో అందరికీ బాబాయే ఆయన. నాకు మాత్రం ఇంకాస్త ఎక్కువ. ఇంజనీరింగ్ పట్టా పట్టుకుని వచ్చిన కొత్తలో స్పానర్ ఎటు తిప్పాలో తెలియక నేను నిలబడిపోతే, "పుస్తకం బాగానే చదివావు అమ్మాయ్, ఇక అక్షరాలు నేర్చుకుందాం రా," అన్నారు. మెల్లగా పనంతా నేర్పారు. తనిఖీ సంతకం పక్కన వేసే ముద్ర నా పేరున వచ్చిన రోజు నాకంటే ఎక్కువ సంతోషపడ్డారు. ఇంకో రెండు నెలల్లో రిటైరవుతారు.

సోమవారం నేను వెళ్ళేసరికి కవరు మూసి ఉంది.

లేదు. మూస్తున్నారు. సందులోంచి నేను చూశాను. పిన్ను మెరిసింది.

మెరిసినట్టు గుర్తు.

ఇవాళ టీ దగ్గర ఊరికే అడిగినట్టు అడిగాను. "బాబాయ్, సోమవారం నత్తిరాణి పని ఇబ్బంది పెట్టిందా?"

"అది ఇబ్బంది పెట్టనిదెప్పుడు? ఎడమ ఇంజను స్టార్టవ్వడానికి ఎప్పుడూ మూడుసార్లు నత్తి కొట్టాల్సిందే. మాట తడబడినా మనసు మంచిది," అన్నారు. ఆ విమానానికి ఆ పేరు పెట్టింది ఆయనే. ఆ తర్వాత నావైపు చూశారు. "ఎందుకడిగావు?"

"ఊరికే."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, టీ గ్లాసు పెట్టేసి లేచి వచ్చేశాను.

శుక్రవారం, 15

నాలుగుసార్లు ఎగిరింది. నాలుగుసార్లూ దిగింది. చివరిది దిగేదాకా షెడ్ తలుపు దగ్గరే ఏదో ఒక పని పెట్టుకున్నాను.

శనివారం, 16

నాలుగు రోజులుగా బాగానే ఎగురుతోంది కదా, అంటే పిన్ను ఉన్నట్టే కదా? ఈ మాట ఎవరితోనైనా అనాలనిపించింది. అనలేను. ఇది తప్పని షెడ్‌లో మొదటి నెలలోనే నేర్పుతారు. పిన్ను లేకపోయినా విమానం ఆ రోజే ఏమీ కాదు. అదురుకి నట్టు కొంచెం కొంచెంగా వదులవుతుంది. ఎన్నాళ్ళకో ఎవరూ చెప్పలేరు.

మా ఆయన జాలిపడి, కాగితం తీసుకుని నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. ఒక గీత గీసి, ఇది రోడ్డు ప్రమాదాల గీత అన్నారు. దాని కింద పెన్సిల్ మొన ఆనించినట్టు ఒక చుక్క పెట్టి, ఇది విమానాలది అన్నారు. "నీ భయం ఉండాల్సింది ఈ గీత మీద. నువ్వు తీసుకెళ్ళి ఆ చుక్క మీద పెట్టావు."

"ఆ చుక్క అంత చిన్నదిగా ఎందుకుంది?"

"అదేంటి? టెక్నాలజీ, శిక్షణ, నిబంధనలు..."

ఆయన చెబుతూనే ఉన్నారు. ఆ చుక్కలో ఎవరుంటారో నాకు తెలుసు. నూనె చేతులతో కాగితాలు నింపే మేముంటాం. నేనుంటాను. నేను చూడకపోతే ఆ చుక్క ఎంత పెద్దదవుతుందని ఆయన్ని అడగబోయి, మంచినీళ్ళు కావాలా అని అడిగాను.

"చూడకపోతే" అని రాశాను. చూశాను.

ఆదివారం, 17

అత్తయ్య పెట్టె నాలుగోసారి సర్దింది. అక్కతో ఫోన్: "ఈసారి నీ మంచం పక్కనే నాకూ మంచం వెయ్యి. చిన్నప్పటి పోట్లాట ఒకటి మిగిలిపోయింది, తేల్చుకుందాం." అవతల నుంచి నవ్వు, ఆ వెంటనే దగ్గు, చాలాసేపు దగ్గు. అత్తయ్య ఫోను చెవికి అలాగే ఆనించుకుని, ఆ దగ్గు ఆగేదాకా కూర్చుంది.

ఈ ప్రయాణం నేను ఆపలేను.

సోమవారం, 18

పనిముట్ల గదిలో రిజిస్టరు చూశాను. ఎవరు ఏం తీసుకున్నా అందులో రాయాలి.

ఆ నట్టు కడ్డీకి వెనకవైపు ఉంటుంది. పొడుగు పిడి ఉన్న అద్దం లోపలికి పెట్టి చూడాలి. సోమవారం 11న నా పేరు మీద అద్దం లేదు. ఎవరి పేరు మీదా లేదు. ఆ రోజు అద్దం గోడకే ఉంది.

బాబాయ్ అక్కడికే వచ్చారు. కొత్త ఉత్తర్వు ఏదో గోడకి అంటించి ఉంటే, "ఏం రాశాడో చదువు అమ్మాయ్, కళ్ళజోడు మర్చిపోయాను," అన్నారు. చదివాను. ఒకే లైను రెండుసార్లు చదివాను. ఆయన గమనించలేదు. గమనించారేమో.

మంగళవారం, 19

మెడ బాగా వంచితే అద్దం లేకుండా కూడా కనబడొచ్చు.

బుధవారం, 20

షెడ్‌లో అదే రకం విమానం ఇంకొకటి తెరిచి ఉంది. వెళ్ళి మెడ వంచాను. ఎడమనుంచి వంచాను, కుడినుంచి వంచాను, పడుకుని చూశాను. కనబడదు.

నేను చూడలేదు.

మధ్యాహ్నం బాబాయ్‌ని పక్కకి పిలిచాను. విరిగిన నిచ్చెనలు పెట్టే మూల. చెప్పాను.

"పిన్ను పెట్టాను అమ్మాయ్. నా మీద నమ్మకం లేదా?"

"నమ్మకానికేం బాబాయ్. నేను చూడలేదు. అదీ సంగతి."

"ఆ రోజు ఏం జరిగిందో నీకు బాగా గుర్తుందా?"

"నేను వచ్చేసరికి మీరు కవరు మూసేశారు."

నా ముఖంలోకి చూశారు. ఏదో అనబోయారు. నిచ్చెన మీద దుమ్ము వేలితో తుడిచారు.

"సరే," అన్నారు. "మూసేశాను."

నాకు ప్రాణం లేచొచ్చింది. ఎందుకో అక్కడే ఏడుపు కూడా వచ్చింది.

"శుక్రవారం సాయంత్రం దాన్ని ఎలాగూ కడగడానికి తెస్తారు," అన్నారు. "అప్పుడు ఇద్దరం కలిసి విప్పి చూద్దాం. కాగితం గీగితం వద్దు. మీ అత్తగారు ఎక్కేది శనివారమేగా? దిగులు పెట్టుకోకు."

ఒప్పుకున్నాను. ఇంటికొచ్చి వారం తర్వాత మొదటిసారి కడుపునిండా తిన్నాను. మా ఆయన కూడా సంతోషించి, "చూశావా, చుక్క పనిచేసింది," అన్నారు.

గురువారం, 21

పొద్దున్నుంచీ గాలి. రెండో ట్రిప్పు ఒంటిగంటా పదికి దిగాలి. దిగలేదు. ఒకటీ ఇరవై. ఒకటిన్నర. షెడ్ తలుపు ఇనుప చట్రం పట్టుకుని నిలబడ్డాను. అందులో ఉన్నవాళ్ళు ఎవరికి అత్తయ్యలో. మా అత్తయ్య ఎక్కేలోపు చూసుకుందాం అని నిన్న ఒప్పుకున్నాను. వీళ్ళ గురించి ఎవరితోనూ ఏమీ ఒప్పుకోలేదు. నిన్న కడుపునిండా తిన్నాను కూడా.

ఒకటీ యాభైకి దిగింది. గాలికి చుట్టూ తిరిగి వచ్చిందట, అంతే.

నడుచుకుంటూ ఇన్‌చార్జి గదికి వెళ్ళాను.

"నత్తిరాణిని ఆపండి సార్."

"ఏమైందమ్మా? ఎక్కడానికి జనం బయల్దేరిపోయారు."

"పదకొండో తేదీ సోమవారం, తోకలో పని. రెండో సంతకం నాది. నేను చూడలేదు."

పెన్ను కింద పెట్టాడు. తిట్టలేదు. తిడితే బాగుండేది. ఫోను తీసి ఆపమని చెప్పి, ఒక ఫారం నా ముందుకి తోశాడు. "జరిగింది జరిగినట్టు రాయి."

రాశాను: "నేను వెళ్ళేసరికి కవరు మూసి ఉంది." సంతకం పెట్టాను.

మెట్ల దాకా వచ్చిన నలభై నాలుగు మందిని వెనక్కి పంపారు. అద్దాల వెనక ఒకాయన చేతులూపుతూ అరుస్తున్నాడు. ఏమంటున్నాడో వినబడలేదు. ముందు రోజులు, ఇవాళ్టి రెండు ట్రిప్పులు, అన్నీ కలిపితే ముప్ఫై ఎనిమిదిసార్లు ఎగిరింది.

శుక్రవారం, 22

నిన్న రాయలేకపోయింది.

కవరు విప్పడానికి చాదస్తాన్ని పిలిచారు. రెండో షిఫ్టు ఇన్‌స్పెక్టరు. ప్రతిదీ మూడుసార్లు చూస్తాడని ఆ పేరు. ఆయన చెయ్యి పడితే విమానం ముసలిదై గాని బయటికి రాదని నేను కూడా జోకులేశాను. పద్నాలుగు స్క్రూలూ తీసి, వరసగా గుడ్డ మీద పెట్టి, అద్దం లోపలికి పంపాడు. తొమ్మిది నిమిషాలు. షెడ్ మొత్తం పని మానేసి నిలబడింది. బాబాయ్ చేతులు వెనక కట్టుకుని అందరికంటే దూరంగా ఉన్నారు.

"ఉంది," అన్నాడు చాదస్తం.

నన్ను కూడా చూడమన్నాడు. చూశాను. ఉంది. రెండు కొసలూ సమానంగా, చిలక తోకలా విడదీసి వంచి ఉంది. పంతొమ్మిదేళ్ళలో అంత నీటైన పిన్ను నేను పెట్టలేదు.

గుంపులో ఎవరో అన్నారు: "ఈ మాత్రానికి నలభై నాలుగు మందిని దింపాలా?" ఇంకెవరో: "రిటైరయ్యేముందు పెద్దమనిషికి సన్మానం." బాబాయ్ నా పక్కనుంచే వెళ్ళారు, నేను లేనట్టు.

ఇద్దరి ముద్రలూ తీసేసుకున్నారు. సోమవారం విచారణ.

పిన్ను ఉంది. నాకు సంతోషంగా ఉండాలి.

శనివారం, 23 (అత్తయ్య అక్కగారింట్లో)

ఎక్కాం. నత్తిరాణి ఎడమ ఇంజను మూడుసార్లు నత్తి కొట్టి అందుకుంది. అత్తయ్య కిటికీకి ముక్కు ఆనించేసింది. నేను సీటు చెయ్యి పట్టుకున్న పట్టుకి గోళ్ళు తెల్లబడ్డాయి. పిన్ను ఉందని నా కళ్ళతో చూశాను. అయినా భయం తగ్గలేదు. అయితే ఇన్నాళ్ళూ నేను భయపడింది దేనికి?

"ఫోన్లు ఆపేయండి," అని ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి వరస వరసా చెబుతూ వచ్చింది.

ఫోను.

ఆ సోమవారం నా చేతిలో ఫోను ఉంది. అవతల అత్తయ్యే. కిటికీ పక్కన కూర్చుంటే చల్లగాలి తగులుతుందా అని అడుగుతోంది. నేను పడీపడీ నవ్వుతున్నాను. బాబాయ్ నిచ్చెన మీదున్నారు. కవరు ఆయన చేతిలో ఉంది, తోక తెరిచే ఉంది. "అమ్మాయ్, అద్దం తెచ్చి చూసుకో," అని పిలిచారు. రెండుసార్లు పిలిచారు. నేను ఫోను చెవి నుంచి తియ్యకుండా చెయ్యి ఊపి, "మూసేయండి బాబాయ్, మీరు పెట్టాక నేను చూసేదేముంది," అన్నాను. మర్యాద చేశాననే అనుకున్నాను. ఆయనకి సంతోషంగా ఉంటుందనుకున్నాను.

ఆయన ఇంకాసేపు ఆగారు. ఆ తర్వాత మూశారు.

పన్నెండు రోజులు ఈ సంగతి నా దగ్గర నేనే దాచుకున్నాను. మొన్న దానికి సంతకం కూడా పెట్టాను.

"భయంగా ఉందా?" అంది అత్తయ్య మబ్బుల మీదినుంచి చూపు తిప్పకుండా. "నా చెయ్యి పట్టుకో. ఏం కాదులే, మీవాళ్ళు చూసే ఉంటారు."

ఆదివారం, 24

అక్కచెల్లెళ్ళిద్దరూ పక్కపక్క మంచాల మీద. అత్తయ్య నెల ఉంటుంది. నేనొక్కదాన్నే తిరిగొచ్చాను.

సోమవారం, 25

విచారణకి ముగ్గురు కూర్చున్నారు. నా ఫారం వాళ్ళ ముందుంది. నేను లేచి, అది తప్పు, కవరు తెరిచే ఉంది, ఆయన రెండుసార్లు పిలిచారు, మూసేయమన్నది నేనే, అన్నాను.

మధ్యలో ఉన్నాయన బాబాయ్ వైపు తిరిగాడు. "ఏమంటారు?"

"అమ్మాయి నన్ను వెనకేసుకొస్తోంది సార్. తొందరపడి మూసింది నేనే. పెద్దవాణ్ణి కదా, తిరిగి విప్పమనడానికి మొహమాటపడింది."

"కాదు సార్..."

"నువ్వే రాశావు కదమ్మా," అని ఫారం నావైపు తిప్పి చూపించాడు. "సంతకం నీదేగా?"

నాకు నెల రోజులు సస్పెన్షన్. బాబాయ్‌కి ఇవాళ్టితో సరి. రిటైర్మెంటు రెండు నెలలు ముందు.

బయట నడవాలో ఆయన్ని ఆపాను. "ఎందుకు బాబాయ్ అబద్ధం చెప్పారు?"

"నాకు మిగిలింది రెండు నెలలు. నీకు పదిహేనేళ్ళు. మీ ఆయన్నడుగు, ఈ లెక్క నాకంటే బాగా చెబుతాడు."

"తప్పు నాది."

"సగమే నీది." అటూ ఇటూ చూశారు. గొంతు తగ్గించారు. "ఆర్నెల్లుగా నాకు దగ్గరవి సరిగా ఆనడం లేదు అమ్మాయ్. రెండు కళ్ళలోనూ పొర. కళ్ళజోడు పెట్టినా అంతే. వేళ్ళతో తడిమి చేస్తున్నాను. ఆ పిన్ను కూడా వేళ్ళతో పెట్టిందే. సరిగ్గా వంగిందో లేదో నేను చూడలేదు. చూడలేను. నువ్వు చూస్తావని నిన్ను పిలిచాను."

నేను ఆ వేళ్ళ వైపు చూశాను.

"ఎవరికీ చెప్పకు," అన్నారు. ఆజ్ఞలా అనలేదు. అడుక్కున్నట్టు అన్నారు. ఆయన నన్ను ఏదైనా అడగడం ఇదే మొదటిసారి.

మంగళవారం, 26

ఆ పిన్నుని ఎవరూ చూడలేదు. ముప్ఫై ఎనిమిదిసార్లు.

బుధవారం, 27

ఆర్నెల్లలో ఆయన చెయ్యి పడని విమానం మా షెడ్‌లో లేదు. తొమ్మిది. వాటి మీద ఆయన మొదటి సంతకం ఎక్కడుందో, పక్కన రెండో సంతకం ఎవరిదో తలుచుకుంటూ కూర్చున్నాను. కొన్ని నావి. కొన్ని ఇంకో ఇద్దరివి. వాళ్ళు కూడా ఆయన దగ్గర పని నేర్చుకున్నవాళ్ళే. వాళ్ళు చూశారా? "మీరు పెట్టాక చూసేదేముంది" అని షెడ్‌లో ఎంతమందిమి అని ఉంటాం?

చెబితే తొమ్మిదీ ఆగుతాయి. ముప్ఫై నాలుగేళ్ళ పనికి మిగిలేది గుడ్డివాడన్న పేరు. ఇంటికి పంపిన మనిషిని మళ్ళీ లాక్కొచ్చి నిలబెట్టి అడుగుతారు. ఇప్పుడు ఆయనకి పోకుండా మిగిలింది పరువొక్కటే. నన్ను కాపాడినందుకు నేనిచ్చే ప్రతిఫలం ఇదా?

చెప్పకపోతే ఏమీ కాకపోవచ్చు. ఆయన వేళ్ళు అంత గొప్పవి. ఆ పిన్ను నేను చూశాను కదా.

"ఇంకా విమానాల భయమేనా? ఎక్కొచ్చావుగా, ఏమైంది?" అన్నారు మా ఆయన.

"ఏమీ కాలేదు."

"మరి?"

"మీ చుక్క ఎంత చిన్నదో నాకు తెలుసండీ. ఊరికే చిన్నదవలేదు అది. చెప్పుకోలేనిది చెప్పినవాళ్ళు ఎప్పుడూ ఎవరో ఒకరు ఉండబట్టి."

ఆయనకి అర్థం కాలేదు. నేను తినకుండా వదిలేసిన కంచం తీసి కడిగారు.

బాబాయ్ ఇంటికి ఫోను చేశాను, ముందు ఆయనకే చెబుదామని. వాళ్ళావిడ ఎత్తింది. "పడుకున్నారమ్మా. నువ్వు చేస్తే లేపొద్దన్నారు."

గురువారం, 28

చెప్పాను.

తొమ్మిదీ ఆపారు. ముద్ర లేదు కాబట్టి నన్ను విమానాల దగ్గరికి రానివ్వకుండా షెడ్ నేల మీది గీత ఇవతలే నిలబెట్టారు. చాదస్తం ఒక్కో కవరూ విప్పి, అద్దం పెట్టి చూస్తున్నాడు. సాయంత్రానికి మూడు అయ్యాయి. మూడూ బాగున్నాయి. ఎవరూ నాతో మాట్లాడలేదు. నాలుగోదాని స్క్రూలు గుడ్డ మీద వరసగా పెడుతున్నాడు.